నాలుగు క్రెడిట్లు

మన్ననూరు చెక్‌పోస్టు కాడ
బండి నంబరు రాసుకున్నరు, మా పేర్లు రాసుకున్నరు.
ఎందుకు పోతున్నరంటే
డ్రైవర్ చెప్పిండు: "సదువుకోనీకి."
గార్డు నవ్విండు.
అడవిల నుంచి సదువుకు బయటికొచ్చేటోళ్లను చూసిండు గాని
సదువుకని లోపలికి పోయేటోళ్లు
ఆయనకు కొత్త.

పాలమూరు నుంచి ఎమ్మెస్సీ బాటనీ పిల్లలం,
పదకొండు మందిమి, పన్నెండు రోజులు, నాలుగు క్రెడిట్లు.
హాజరు పట్టీ నా సంచిల ఉండె.

పెంటల తొమ్మిది గుడిసెలు.
చిగుర్ల ఈదమ్మ మమ్ముల వరుసగ నిలబెట్టి చూసింది,
అంగట్ల మేకల్ని చూసినట్టు.
"చెప్పులు మంచియే తొడుక్కున్నరు.
కండ్లే యాడనో ఇడిసొచ్చిన్రు."

మొదటి రోజు ఏం చెప్పలే.
రెండో రోజు ఏం చెప్పలే.
చెలిమె దాకా పోయింది, కుండ నింపింది, వచ్చింది.
ఎనుకెనుక నడిచినం. నోటుబుక్కు తెల్లగనే ఉండె.
మూడో నాడు పొద్దుగాల్ల అడిగింది:
"ఎలుగు తవ్విన చెదల పుట్ట
ఎన్నో మలుపు కాడుండె?"
పదకొండు నోళ్లు మూతబడ్డయి.
"పులిని మీరు చూడకున్నా ఏంగాదు,
అది మిమ్ముల చూసి పక్కకు పోతది.
ఎలుగుకు అంత తెలివి లేదు,
మీ లెక్కనే దించిన తలకాయ ఎత్తదు."

బయన్న తేనెకు బండ దిగిన నాడు
పైన తాడు పట్టింది ఆయన బామ్మర్ది.
అన్న పట్టడు, తమ్ముడు పట్టడు.
దేవరకొండ దిక్కు తండా పిల్ల, రమావత్ శాంతి, ఎందుకని అడిగింది.
"చెల్లె బతుకు కొసకు ఏలాడుతుంటే
యెవడన్న ఇడుస్తడా పిల్లా?"
మా సారు దీన్నే జూన్ల
బోర్డు మీద రెండు మాటల్ల రాసి తుడిచేసిండు.
ఆ రెండు మాటలేందో
బండ అంచున పండుకుని కిందికి చూస్తున్నప్పుడు
నాకు యాదికి రాలే.

నూలగడ్డ నాకు తెల్వదా?
డయోస్కోరియా అని లేబులు రాసి
డిపార్ట్‌మెంటు అట్ట మీద ఆకు అంటించిందే నేను.
ఇక్కడ ఆకే లేదు.
తీగె ఎండి దారమై, తెగి, ఏదో కొమ్మకు ఊగుతున్నది.
ఈదమ్మ ఆ దారాన్ని కండ్లతోనే పట్టుకుని
మెల్లగ నేల దాకా దిగింది.
"ఈడ."
నడుం లోతు తవ్విన. అరచేతులు పగిలినయి.
గడ్డ ఇరగకుండ ఎత్తిన, పుట్టిన పిల్లను ఎత్తినట్టు.
ఫోన్లు తీసిన్రు, ఫొటోలు కొట్టిన్రు.
ఈదమ్మ గడ్డ తలకాయ పుటుక్కున ఇరిచి
గుంతల పెట్టి, మన్ను తోసి, మడిమెతో తొక్కింది.
"గిది నీది గాదు."
మరి ఎవరిదంటే
చేతులు దులుపుకుని పోయింది.

శివరాత్రి సెలవులకు మనుమడొచ్చిండు, గురవడు.
ఆశ్రమ పాఠశాల, తొమ్మిదో తరగతి, నీలం నిక్కరు.
అవ్వ తీగె చూపి పేరడిగితే
వాడు చేతులు కట్టుకుని నిలబడి చెప్పిండు:
"తల్లి వేరు, గుబురు వేరు. వేర్లు రెండు రకములు."
ఈదమ్మ నా దిక్కు చూసింది.
నేను నా చెప్పుల దిక్కు చూసిన.

తెల్లారి నుంచి వాడు మాతోనే కూసున్నడు.
వాళ్లవ్వ చెప్పేటిది
మా నడుమ జొరబడి నేర్చుకున్నడు, చుట్టపోని లెక్క.
ఆరు రోజులు. ఒక్క పూట తప్పలే.
నాకంటె ముందు దారం పట్టుకున్నడు,
చెప్పకముందే గడ్డ తలకాయ పాతిండు.
హాజరు పట్టీల పన్నెండో వరుస గీసి
పేరు రాసిన: చిగుర్ల గురవయ్య.

పాలమూరుల పట్టీ తిరిగొచ్చింది.
నాకు ఎ గ్రేడు.
పన్నెండో వరుస మీద ఎర్రపెన్ను గీత,
పక్కన చిన్నగ: "నమోదు కాలేదు."

ఆ గీత సక్కగ లేదు.
పెన్ను ఆడాడ ఆగి, సన్నబడి, తెగింది,
మాఘంల తీగె లెక్క.
రోజూ తెరిచి చూస్తున్న.
యాడ దిగుతదో ఇంక దొరకలే.